మేం ఏ హరి జనం?

మా బడి గోడ మీద పెద్ద అక్షరాలతో బడి పేరు రాసుంటుంది. పేరు చివర బ్రాకెట్లో ఇంకో రెండక్షరాలుంటాయి. హెచ్.డబ్ల్యు. నేను బదిలీ మీద ఈ బడికొచ్చిన మొదటి వారంలోనే నాలుగో తరగతి పిల్ల ఒకటి లేచి అడిగింది.

"టీచర్, హెచ్.డబ్ల్యు. అంటే హోం వర్కా?"

క్లాసంతా గొల్లుమంది. నాకూ నవ్వొచ్చింది. ఆ పిల్ల మాత్రం నవ్వలా. దానికి నిజంగానే తెలుసుకోవాలనుంది. వాళ్ళమ్మ చదివిందీ ఈ బళ్ళోనే, వాళ్ళన్న చదివిందీ ఈ బళ్ళోనే. ఎవరూ చెప్పలేదంట. హెచ్.డబ్ల్యు. అంటే హరిజనవాడ అని చెప్పడానికి నాకు నోరు పెగల్లేదు. అది చెబితే తర్వాతి ప్రశ్న వస్తుంది కదా, హరిజన అంటే ఏంటి టీచర్ అని. "రేపు చెప్తా కూర్చోమ్మా" అన్నాను. ఎమ్మే చదివాను, బీఈడీ చేశాను, డీఎస్సీ రాసి ఉద్యోగం తెచ్చుకున్నాను. ఒక్క మాటకు అర్థం చెప్పలేక పిల్లని కూర్చోబెట్టాను. ఆ పిల్లకి నేను బాకీపడ్డ జవాబు ఇది.

అర్థం తెలియక ఆగలేదు నేను. అర్థం నాకు పదకొండో ఏటే చెప్పారు. అది తర్వాత చెప్తాను.

మాది కృష్ణా డెల్టాలో కూచిపూడికి దగ్గర్లోని ఒక ఊరు. ఊరు అంటున్నా గానీ మాది ఊరు కాదు, పల్లె. మాలపల్లె. ఊరు వేరు, పల్లె వేరు. ఈ తేడా తెలియని వాళ్ళెవరన్నా ఇది చదువుతుంటే వాళ్ళు ఊళ్ళో పుట్టినవాళ్ళని అర్థం. మా నాన్న ఒక కామందు దగ్గర పాలేరు. అమ్మ నాట్లకీ కలుపులకీ కోతలకీ మినప పీకుళ్ళకీ పోయేది. మా ఇంట్లో వేలిముద్ర వెయ్యకుండా సంతకం పెట్టిన మొదటి మనిషిని నేను. డిగ్రీ పట్టా తెచ్చిన మొదటి మనిషినీ నేనే.

కూచిపూడి పేరు చెబితే ఎక్కడైనా జనం మొహాలు వెలుగుతాయి. ఒకసారి హైదరాబాదులో ట్రైనింగుకు పోయినప్పుడు పక్కన కూర్చున్నావిడ మీదే ఊరని అడిగింది. కూచిపూడి దగ్గరండీ అన్నాను. "అయ్యో, అయితే మీకు డాన్సు వచ్చే ఉంటుంది!" అంది. మాకు నాట్లెయ్యడం వచ్చండీ అన్నాను. అదీ కాళ్ళూ చేతులూ కలిసి ఆడాల్సిన పనే. పాట పాడుకుంటూ వరస తప్పకుండా వెనక్కి అడుగులెయ్యాల్సిందే. కానీ ఆ పనికి మెచ్చి మాకెవరూ అగ్రహారం ఇవ్వలేదు.

అగ్రహారం మాట ఊరికే తేలేదు. గోల్కొండ నవాబు అబుల్ హసన్ తానీషా ఇక్కడి బ్రాహ్మణ భాగవతుల ఆట చూసి మెచ్చుకుని, 1678లో కూచిపూడిని వాళ్ళకి అగ్రహారంగా రాసిచ్చాడని చెప్తారు. ఆడినవాళ్ళు భాగవతులు. వాళ్ళ మేళం భాగవత మేళం. కొన్ని కుటుంబాలకి ఇంటిపేరూ అదే. భాగవతుడు అంటే ఏంటి? నిఘంటువు తియ్యండి. భగవంతుడి వాడు, విష్ణుభక్తుడు, అంటే హరి మనిషి. హరిజనుడు అంటే ఏంటి? మళ్ళీ అదే నిఘంటువు తియ్యండి. హరి మనిషి.

రెండు మాటలకీ ఒకటే అర్థం. ఒక మాట వాళ్ళకి ఊరికి ఊరే రాసిచ్చారు. రెండో మాట వాళ్ళకి ఊరవతల చోటు చూపించారు. ఒక మాట పిలిపించుకోవడానికి గౌరవం. రెండో మాట పెళ్ళి సంబంధాల దగ్గరా, అద్దె ఇంటి దగ్గరా చెప్పుకోవడానికి భయం. నేను చెప్పదలుచుకున్నది ఇదే. మాటకు అర్థం నిఘంటువులో వెతికితే దొరకదు. ఆ మాట ఎవరు అంటున్నారు, ఎవర్ని అంటున్నారు, దాంతోపాటు చేతిలో ఏం పెడుతున్నారు, అక్కడ వెతకాలి.

మా పల్లెలో వెతుకుదాం రండి. ముందు హరిదాసు సంగతి.

ధనుర్మాసం వస్తే తెల్లారుజామున హరిదాసు వచ్చేవాడు. నెత్తిన పాత్ర, చేతిలో చిడతలు, భుజాన తంబూర, కాళ్ళకి గజ్జెలు. ఊళ్ళో ప్రతి ముగ్గు దగ్గరా ఆగేవాడు. ఇల్లాలు బియ్యం తెస్తే వంగి పాత్రలో పోయించుకునేవాడు. మా పల్లెలోకి మాత్రం రాడు. డొంక మొగదల దాకా వచ్చి వెనక్కి తిరిగేవాడు. నాకప్పుడు ఎనిమిదో తొమ్మిదో. నేనూ, మా పక్కింటి పిల్లా డొంక మొగదలే ముగ్గేసి, పళ్ళెంలో గిద్దెడు బియ్యం పోసుకుని నిలబడ్డాం. ఆయనొచ్చాడు. మమ్మల్ని చూశాడు. ముగ్గు తొక్కకుండా పక్కకి తప్పుకున్నాడు. పాట ఆపకుండానే పోయాడు. ఆ పాటలో హరి ఉన్నాడు. మా పళ్ళెంలో బియ్యం అట్టాగే ఉన్నాయి. తిరిగి తెస్తే నాయనమ్మ తిట్టలేదు. బియ్యం డబ్బాలో పోసుకుంటా, "మన బియ్యం పుచ్చుకుంటే ఊళ్ళో ఆయనకి పెట్టరే" అంది.

ఆ హరిదాసు మీద నాకిప్పుడు కోపం లేదు. ఆయనా అడుక్కుని బతికేవాడే. మా గిద్దెడు బియ్యం కలిస్తే ఆయన పాత్రంతా మైలపడుతుంది, ఆ రోజు ఇంట్లో పొయ్యి వెలగదు. కానీ లెక్క చూడండి. హరికి దాసుడైనవాడు హరి జనం వాకిట్లోకి రాకూడదు. ఇదేం హరి? ఇదేం జనం?

ఇంకోటి చెప్తాను. ఆ రోజుల్లోనే ఒక రాత్రి కూచిపూడిలో ప్రహ్లాద చరిత్ర ఆడారు. నాన్న నన్ను భుజాన వేసుకుని తీసుకుపోయాడు. మేం అందరికంటే వెనక కూర్చున్నాం. అక్కడ కూర్చోమని మాకెవరూ చెప్పలేదు. ఎక్కడ కూర్చోవాలో మాకు ఒకరు చెప్పక్కర్లేదు. స్తంభంలో హరి ఉన్నాడా అని హిరణ్యకశిపుడు గద్దించాడు. ఉన్నాడన్నాడు పిల్లాడు. పగలగొడితే నిజంగానే వచ్చాడు. నాకు భయమూ వేసింది, సంతోషమూ వేసింది. ఇంటికొచ్చేటప్పుడు దారిలో అడిగాను.

"నాన్నా, మన నిట్రాడలో కూడా ఉంటాడా?"

మాది తాటాకిల్లు. నాన్న కాసేపు మాట్లాడలా. తర్వాత అన్నాడు, "మన నిట్రాడ పగలగొడితే ఇల్లు కూలుద్దమ్మా."

చదువు లేని మా నాన్న చెప్పిన ఆ మాట కంటే మంచి వ్యాఖ్యానం నేను ఎమ్మేలో కూడా చదవలేదు.

ఇప్పుడు పదకొండో ఏటి సంగతి. ఆరో తరగతికి ఊళ్ళో హైస్కూల్లో చేరాను. 1999 అది. స్కాలర్‌షిప్పు ఫారాలొచ్చాయి. మాస్టారు క్లాసులోకొచ్చి, "హరిజన పిల్లలంతా లేచి నిలబడండి" అన్నారు. పదకొండు మందిమి లేచాం. మిగతావాళ్ళు కూర్చుని మమ్మల్ని చూస్తున్నారు. మాస్టారు చెడ్డవాడు కాదు. ఖద్దరు కట్టేవాడు, కొట్టేవాడు కాదు, మమ్మల్ని ముందు బెంచీలో కూర్చోబెట్టేవాడు. నా మొహం చూసి ఏమనుకున్నాడో, దగ్గరికొచ్చి మెల్లగా అన్నాడు. "హరిజనులంటే దేవుడి బిడ్డలమ్మా. గాంధీగారు పెట్టిన పేరు. అంతకంటే మంచి మాట ఉంటుందా?"

దేవుడి బిడ్డలు నిలబడి ఉన్నారు. కానివాళ్ళు కూర్చుని ఉన్నారు. మరి వీళ్ళంతా ఎవరి బిడ్డలు మాస్టారూ అని అడగాలనిపించింది. నోరు రాలేదు. చాలా ఏళ్ళ తర్వాత, బీఈడీలో ఉండగా చదివాను. 1938లో బొంబాయి శాసనసభలో అస్పృశ్యులకి హరిజనులన్న పేరు చట్టంలో పెట్టబోతే అంబేద్కరూ ఆయన పక్షం వాళ్ళూ ఇదే అడిగారు. మేం దేవుడి మనుషులమైతే మిగతావాళ్ళు దయ్యం మనుషులా అని అడిగి, మాట వినకపోతే సభ నుంచి బయటికి నడిచారు. నేను పుట్టకముందు యాభై ఏళ్ళనాడే నా ప్రశ్న అడిగేశారు. ఆ సంగతి మాకెవరూ పాఠంలో చెప్పలేదు.

ఆ సాయంత్రం ఇంటికొచ్చి నాయనమ్మకి చెప్పాను, మనం హరిజనులమంట అని. ఆవిడ పకపకా నవ్వింది. "హరి ఎవుడే? మనం ఏసయ్య బిడ్డలం గదంటే" అంది. 1841లో మచిలీపట్నం వచ్చి దిగిన మిషనరీల దగ్గర్నుంచి ఈ డెల్టా మాలపల్లెల్లో, మాదిగగూడేల్లో చర్చీలు లేచాయి. మా పల్లెలో ఆదివారం గంట మోగని రోజు లేదు. ఆ నాయనమ్మ హరి జనం ఎట్టా అయింది? ఆవిణ్ణి ఎవరడిగారు? గుడి గడప తొక్కనివ్వని దేవుడి పేరు, ఆవిడ నమ్మని దేవుడి పేరు తెచ్చి ఆవిడ నెత్తిన రుద్దారు. తన పేరు నిజంగా చెప్పుకుంటే ఇంకో చిక్కు. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవులైన మాలమాదిగలు షెడ్యూల్డు కులాలవాళ్ళు కారు. సిక్కులకి 1956లో, బౌద్ధులకి 1990లో ఆ తలుపు తీశారు. మాకు తియ్యలేదు. మా పల్లెల్లో వందల ఇళ్ళలో కాగితం మీద ఒక దేవుడు, నోట్లో ఒక దేవుడు. దీన్ని మా దొంగతనం అంటారు. మాతో దొంగాట ఆడించిందెవరు?

ఇక ఆ మాట పుట్టుక సంగతి.

మాకు పేరు లేకపోతే గాంధీగారు జాలిపడి పేరు పెట్టాడని చాలామంది అనుకుంటారు. మనవాళ్ళలోనూ అనుకునేవాళ్ళున్నారు. అది అబద్ధం. అప్పటికే మాకు పేరుంది. ఆ పేరు పెట్టుకున్నది ఎక్కడో కాదు, మా ఊళ్ళో బస్సెక్కితే పామర్రు, ఉయ్యూరు మీదుగా వెళ్ళే బెజవాడలో.

1917 నవంబరులో బెజవాడలో పంచమ మహాసభ జరిగింది. హైదరాబాదు నుంచి భాగ్యరెడ్డివర్మ వచ్చి అధ్యక్షత వహించాడు. మాదరి భాగయ్యగా పుట్టిన మాల బిడ్డ ఆయన. వస్తూనే సభ పేరు మీదే దెబ్బ కొట్టాడు. పంచమ అన్న మాట శాస్త్రాల్లో లేదు, పురాణాల్లో లేదు, ఈ ఐదో వర్ణం ఎక్కణ్ణుంచి తెచ్చారు, మేం ఈ నేలకి మొదటివాళ్ళం అన్నాడు. పంచమ సభగా మొదలైంది ఆది ఆంధ్ర మహాజన సభ అయింది. సభకొచ్చిన మనవాళ్ళు కొండెక్కి వస్తారేమోనన్న భయంతో ఆ మూడు రోజులూ కనకదుర్గ గుడి మూసేశారని చరిత్రకారులు రాశారు. మేం మాకు మేముగా పేరు పెట్టుకున్న నాడు దేవత తలుపులేసుకుంది. ఈ ఒక్క సంగతి చాలు, మా పేరుకీ వాళ్ళ పేరుకీ తేడా తెలియడానికి.

1922లో ఎం.సి. రాజా మద్రాసు శాసనమండలిలో తీర్మానం పెట్టాడు. పంచమ, పరయ అన్న మాటలు తీసేసి తమిళనాట ఆది ద్రావిడ, తెలుగునాట ఆది ఆంధ్ర అని రాయాలని ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. అదే కాలంలో రాజమండ్రి వైపు కుసుమ ధర్మన్న, తెల్లదొరతనం వద్దనే పెద్దలకి మీ నల్లదొరతనం మాకొద్దని జవాబు చెప్తున్నాడు. 1931 జనాభా లెక్కల్లో మాలమాదిగలు చాలామంది ఆది ఆంధ్రులమని రాయించుకున్నారు. ఇది మనుషులు తమ కాళ్ళ మీద నిలబడుతున్న కాలం. సరిగ్గా అప్పుడు వచ్చింది హరిజన.

గుజరాత్ భక్తకవి నరసింహ మెహతా వాడిన మాట అనీ, ఒక అస్పృశ్యుడే ఉత్తరం రాసి ఈ మాట సూచించాడనీ గాంధీ చెప్పుకున్నాడు. మాట ఎవరిదైనా, అది దేశమంతా పాకిన కాలం చూడండి. 1932 ఆగస్టులో బ్రిటిష్ ప్రభుత్వం అస్పృశ్యులకి ప్రత్యేక నియోజకవర్గాలిచ్చింది. మనవాణ్ణి మనమే ఎన్నుకోవచ్చు. సెప్టెంబరు 20న ఎరవాడ జైల్లో గాంధీ నిరాహారదీక్షకి దిగాడు. 24న పూనా ఒడంబడిక. సీట్ల లెక్క పెరిగింది గానీ, మనవాణ్ణి మనం ఎన్నుకునే హక్కు పోయింది. 1933 ఫిబ్రవరిలో హరిజన్ పత్రిక మొదలైంది. హరిజన సేవక సంఘం వచ్చింది. ఆ సంఘాన్ని నడిపేది సవర్ణులే. ప్రాయశ్చిత్తం చేసుకోవాల్సింది వాళ్ళు గనక నడపాల్సిందీ వాళ్ళే అని వాదన. అదే ఏడు నవంబరులో హరిజన యాత్ర మొదలై డిసెంబరుకి బెజవాడ చేరింది. పదహారేళ్ళనాడు మేం ఆది ఆంధ్రులమని చెప్పుకున్న బెజవాడలోనే మమ్మల్ని హరిజనులన్నారు. హక్కు తీసుకుని బిరుదిచ్చారు. నేను గాంధీ మనసుని తప్పుపట్టడం లేదు. మా హైస్కూలు మాస్టారి మనసునీ తప్పుపట్టడం లేదు. మంచి మనసున్నవాడు కూడా నన్ను అడక్కుండా నాకు పేరు పెడితే అది పెత్తనమే.

ఇదే జిల్లాలో ముదునూరులో 1940లో నాస్తిక కేంద్రం పెట్టిన గోరా సంగతి మీకు తెలిసే ఉంటుంది. బ్రాహ్మణ కుటుంబంలో పుట్టినవాడు. కూతురి పెళ్ళి అంటరాని కులపు యువకుడితో చెయ్యాలనుకున్నాడు. ఆ పెళ్ళిలో దేవుడి పేరుకి బదులు సత్యం పేరు చెప్పడానికి గాంధీ ఒప్పుకున్నాడని గోరాయే రాశాడు. ఆ పెళ్ళి గాంధీ హత్య తర్వాత 1948లో సేవాగ్రాంలో జరిగింది. చూడండి. ఒక నాస్తికుడు నాకు దేవుడొద్దు అంటే ఆయన కోసం పెళ్ళిలోంచి దేవుణ్ణి పక్కనపెట్టొచ్చు. కోట్లమంది తరఫున అంబేద్కర్ మాకు హరి వద్దంటే మాత్రం ఆ పేరు తియ్యడం కుదరలేదు.

మన సభల్లో ఇంకో వాదన వినపడుతుంది. హరిజన అంటే తండ్రెవరో తెలియని దేవదాసీల పిల్లలు, అందుకే అది బూతు అని. నాకు ఆ వాదం అక్కర్లేదు. దేవదాసి కడుపున పుట్టడం ఎందుకు బూతు అవ్వాలి? ఆ తల్లులూ మన తల్లుల్లాంటివాళ్ళే, దేవుడి పేరుతో మోసపోయినవాళ్ళే. 1947లో మద్రాసు చట్టం వచ్చి వాళ్ళని గుళ్ళకి అంకితమివ్వడాన్ని, గుళ్ళో వాళ్ళు ఆడడాన్ని నిషేధించింది. అది అవసరమే. కానీ ఆ ఆట నేర్చిన ఆడవాళ్ళు సానులని పేరుపడి మూలకి పోయారు. అదే ఆట పెద్ద కులాల చేతిలో శాస్త్రీయ నృత్యమైంది. పేరు పెట్టే అధికారం ఎవరికుందో అన్న కథే అదీను. ఆ తల్లుల్ని తిట్టి మన గౌరవం నిలబెట్టుకోవద్దు.

మంచి మాటే కదమ్మా అన్నారు మాస్టారు. ఆ మంచి మాట మమ్మల్ని ఏం కాపాడింది? 1968లో మా కృష్ణా జిల్లాలోనే కంచికచర్లలో కోటేశుని దొంగతనం అంటగట్టి, కట్టేసి తగలబెట్టారు. హరి రాలేదు. 1985 జులై 17న కారంచేడులో ఆరుగురు మాదిగల్ని నరికారు. ఏ స్తంభమూ పగల్లేదు. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మంది మాలల్ని చంపి గోనెసంచుల్లో కట్టి కాలవల్లో పడేశారు. 2014లో హైకోర్టు నిందితులందర్నీ వదిలేసింది. కారంచేడు తర్వాత మనవాళ్ళు హరిజనులుగా లేవలేదు, దళితులుగా లేచారు. 1972లో బొంబాయిలో దళిత్ పాంథర్లు ఎత్తిపట్టిన ఆ మాట మా పల్లెలకి శవాల మీదుగా వచ్చింది. దళితుడంటే అణచబడ్డవాడు. అందులో తేనె లేదు. నిజం ఉంది. అణిచినవాడు ఎవడన్న ప్రశ్న ఆ మాటలోనే ఉంది. హరిజనలో ఆ ప్రశ్న లేదు. అందుకే వాళ్ళకి అది మంచి మాట.

ఇక్కడ మా పల్లె తప్పు కూడా చెప్పాలి. మా పల్లెకి అవతల మాదిగగూడెం ఉంది. మా నాయనమ్మ హరిదాసుని అర్థం చేసుకుంది గానీ గూడెం నుంచి ఎవరన్నా వస్తే మంచం మీద కూర్చోమనేది కాదు. ఊరు మమ్మల్ని అన్న మాటలే మేం వాళ్ళని అన్నాం. హరిజన అనే గొడుగు కింద మాలా మాదిగా రెల్లీ అందరూ ఒకటే అన్నారు, కానీ ఆ గొడుగు మా మధ్య గోడని దాచింది తప్ప కూల్చలేదు. 1994లో ఈదుమూడిలో మొదలైన దండోరా, పేరు చివర మాదిగ అని పెట్టుకుని తలెత్తి చెప్పుకోవడం నేర్పింది. తిట్టుగా వాడిన మాటని తీసి పేరు చివర తోకలా పెట్టుకుంటే తిట్టినవాడి నోరు మూతపడుతుంది. ఆ ధైర్యం మాలలమైన మాకు వాళ్ళు నేర్పిన పాఠం. అది ఒప్పుకోకుండా నేను హరిజన మాట గురించి మాట్లాడితే సగం నిజమే చెప్పినట్టు.

పేరు మారిస్తే బతుకు మారుద్దా అని అడుగుతారు. మా స్టాఫ్ రూముల్లో నేను ఎక్కువసార్లు విన్న మాట ఇదే. బెజవాడని విజయవాడ చేసుకున్నప్పుడు ఎవరూ ఇట్లా అడగలేదు. కులం తోకలు పేర్లకి తగిలించుకున్నప్పుడు అడగలేదు. మేం పేరు మార్చుకుంటామనేసరికి బతుకు గుర్తొస్తుంది. ఇప్పుడు గుళ్ళోకి రానిస్తున్నారు కదా అని కూడా అంటారు. గుడి తలుపులు తియ్యడానికి 1947లో చట్టం కావాల్సొచ్చింది. 2000ల దశకంలో టి.టి.డి. వాళ్ళు దళిత గోవిందం అని పేరు పెట్టి విగ్రహాల్ని దళితవాడలకి ఊరేగించారు. హరి జనమని పిలిచిన డెబ్బయ్యేళ్ళకి హరిని మా వీధి చూపించడానికి తీసుకొచ్చారు. దాన్నీ గొప్పగా చెప్పుకున్నారు.

ప్రభుత్వానికి తెలియదా అంటే తెలుసు. కుల ధ్రువపత్రాల్లో హరిజన అని రాయొద్దు, కులం పేరూ షెడ్యూల్డు కులమనీ రాయండని కేంద్ర హోం శాఖ 1982లోనే రాష్ట్రాలకి రాసింది. ఆ మాటతో పిలవడం ఈ రోజుల్లో అవమానమేనని సుప్రీంకోర్టు 2017లో చెప్పింది. అయినా మా బడి గోడ మీద రెండక్షరాలు అట్టాగే ఉన్నాయి. పూర్తిగా రాస్తే తప్పని తెలుసు గనక పొట్టిగా రాశారు. సిగ్గుపడేవాడు చేసే పని అది.

పోయిన ఏడు బడికి రంగులేసేటప్పుడు నేను తల్లిదండ్రుల కమిటీలో ఈ సంగతి ఎత్తాను. ఆ రెండక్షరాలు తీసేద్దాం అన్నాను. ఊరివాళ్ళు అడ్డం చెప్తారనుకున్నా. మా పల్లె పెద్దాయనే లేచాడు. "అమ్మాయ్, నువ్వు చదువుకున్నదానివి. కానీ ఒకటి ఆలోచించు. ఆ మాటుంటేనే ఇది మన బడి. తీసేస్తే ఊళ్ళో బళ్ళో కలిపేస్తారు. ఆ మాట పుణ్యాన మనకి బడన్నా మిగిలింది" అన్నాడు. నాకు జవాబు దొరకలేదు. ఆయన భయం ఉత్తది కాదు. పిల్లలు తక్కువున్న బళ్ళని కలిపెయ్యడం మేమందరం చూస్తూనే ఉన్నాం. రికార్డులో పేరు మారితే ఏ కాగితం ఎక్కడ పోతుందో ఎవరూ హామీ ఇవ్వలేరు. చూశారా, మేం అడగని పేరు, చివరికి మా చేతే పట్టుకుని వేలాడేలా చేశారు.

నేను ఆయనకి రాత్రంతా ఆలోచించి మర్నాడు జవాబు చెప్పాను. "తాతా, బడి మనకి ఇచ్చింది ఆ మాట కాదు. మన పిల్లలున్నారు గనక బడి ఉంది. రాజ్యాంగం చదువుకోమంది గనక బడి ఉంది. పిల్లల్ని తగ్గనియ్యకుండా నేను చూసుకుంటా. పేరు సంగతి మీరు చూడండి." ఆయన ఆలోచించాడు. "మరేం పేరు పెడదామంటావ్?" అన్నాడు. ఆది ఆంధ్ర అన్నాను. 1917 కథ చెప్పాను. కనకదుర్గ గుడి మూసిన సంగతి రెండుసార్లు చెప్పించుకున్నాడు. కమిటీ తీర్మానం రాసింది. ఆయన సంతకం పెట్టడం రాక వేలిముద్ర వేశాడు. ఆ కాగితం పైకి పోయింది. ఇంకా కిందికి రాలేదు.

మళ్ళీ నాలుగో తరగతికి వస్తాను. ఆ పిల్లకి చెప్పాను. హెచ్.డబ్ల్యు. అంటే హరిజనవాడ. అది మనకు ఇంకొకరు పెట్టిన పేరు. మనం పెట్టుకున్న పేరు వేరే ఉంది. పిల్ల కాసేపు ఆలోచించి, "మరి తుడిచెయ్యొచ్చుగా టీచర్?" అంది. దానికి అది అంత తేలిక. నాకూ అంత తేలికవ్వాలి.

ఇది చదివే విద్యార్థులకీ కార్యకర్తలకీ నేను చెప్పేది ఒకటే. సభలో జై భీం అని ఇంటికి పోయేముందు మీ ఊరి బడి బోర్డు చూడండి. మీ వీధి పేరు, మీ ఓటరు లిస్టు, మీ కరెంటు బిల్లు మీద చిరునామా చూడండి. హరిజనవాడ అనో, దానికి పొట్టి అక్షరాలో ఉంటే పల్లెని కూర్చోబెట్టి మాట్లాడండి. ఏ పేరు పెట్టుకోవాలో మీరు చెప్పొద్దు. ఆది ఆంధ్ర అంటారో, అంబేద్కర్ నగర్ అంటారో, మాలపల్లె అనే ఉంచమంటారో పల్లె తేలుస్తుంది. తీర్మానం రాయించండి. పైకి పంపండి. ఆ కాగితం కిందికొచ్చేదాకా వెంటపడండి. నేనూ మా కాగితం కోసం రేపు సెలవు పెట్టి ఆఫీసుకి పోతున్నాను.